ఫ్రీ ఇన్సులేషన్ సరే, ముందు మీ గోడ పొడిగా ఉందా?

ప్రశ్న: మాంచెస్టర్ దగ్గర స్టాక్‌పోర్ట్‌లో పోయిన ఏడాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండేది) కొన్నాం. గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది, అయినా ఇల్లు వేడెక్కదు, దోసెల పిండి రెండు రోజులైనా పులవదు. పడమటి వైపు ఉన్న పిల్లల గదిలో వార్డ్‌రోబ్ వెనక గోడకు నల్లగా బూజు పట్టింది. మొన్న ఒకాయన తలుపు కొట్టి, "మీ గోడల మధ్య ఖాళీగా ఉంది, కేవిటీ వాల్ ఇన్సులేషన్ గవర్నమెంట్ స్కీమ్ కింద ఫ్రీగా చేసిపెడతాం, శుక్రవారం లోపు సంతకం పెట్టాలి" అన్నాడు. మావారు పెట్టేద్దామంటున్నారు. ఎదురింటావిడేమో అది చేయించుకున్నాక తమ గోడలకు చెమ్మ ఎక్కిందని, తీయించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చిందని చెప్తోంది. ఎవరి మాట వినమంటారు? పేరు వేయకండి.

సమాధానం: శుక్రవారం సంతకం పెట్టకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం.

మీవారు చెప్పేదీ నిజమే, ఎదురింటావిడ చెప్పేదీ నిజమే. మంచి గోడలో ఈ పని చేయిస్తే ఇల్లు నిజంగానే వెచ్చబడుతుంది, బిల్లు తగ్గుతుంది. తడి గోడలో చేయిస్తే ఆ తడి ఇంట్లోకి వస్తుంది. మీది ఏ రకం గోడో గుమ్మంలో నిలబడి ఫారం పట్టుకున్న మనిషికి తెలిసే అవకాశమే లేదు, అయినా శుక్రవారం లోపు తేల్చమంటున్నాడు, నా కోపమంతా అక్కడే.

ఇక్కడి గోడల కట్టుబడి మన వాళ్లలో చాలామందికి కొత్త కాబట్టి ముందు అది చెప్తాను. మన ఊళ్లలో గోడంటే తొమ్మిదంగుళాల ఒకే గోడ. బ్రిటన్‌లో 1920ల తర్వాత కట్టిన ఇళ్లలో చాలావాటికి రెండు గోడలుంటాయి, బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యలో ఐదారు సెంటీమీటర్ల ఖాళీ, ఆ రెండింటినీ పట్టి ఉంచడానికి అక్కడక్కడా ఇనప పట్టీలు, వాటిని వాల్ టైస్ అంటారు. ఆ ఖాళీ ఎందుకు వదిలారంటే ముఖ్యంగా వాన కోసం. ఇటుక నీళ్లు పీలుస్తుంది. గాలివానకు బయటి గోడ తడిసి నీరు లోపలి ముఖం దాకా వచ్చినా, అక్కడ్నుంచి కిందికి జారిపోతుంది తప్ప ఖాళీ దాటి లోపలి గోడకు అంటదు. ఇప్పుడు మనం చేయించబోయేది ఆ ఖాళీని నింపడం. నింపితే వేడి బయటకు పోదు, ఇన్సులేషన్ లేని ఇంట్లో సుమారు మూడో వంతు వేడి గోడల గుండానే పోతుందని ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ చెప్తుంది కాబట్టి అది చిన్న లాభం కాదు. కానీ అదే నింపుడు, గోడ పాడై ఉంటే, నీరు దాటడానికి దారి కూడా అవుతుంది. మీ ఎదురింట్లో జరిగింది బహుశా ఇదే.

మీ గోడల మధ్య ఖాళీ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. బయట ఇటుకలు అన్నీ పొడుగు వైపే కనిపిస్తూ పేర్చి ఉంటే సాధారణంగా రెండు గోడలున్నట్టు. మధ్యమధ్యలో ఇటుక పొట్టి ముఖం కూడా కనిపిస్తే అది ఒకే మందపు గోడ, దానికి ఈ పని కుదరదు. గోడకు పూత ఉండి ఇటుక కనిపించకపోతే తలుపు దగ్గరో కిటికీ దగ్గరో టేపు పెట్టి మందం కొలవండి, 26 సెంటీమీటర్లు దాటితే ఖాళీ ఉండే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి, 1930ల ఇళ్లలో బే విండో కింది భాగం చాలాసార్లు మిగతా గోడలా ఉండదు, చెక్క చట్రానికి పెంకులు తగిలించి ఉంటాయి, ఆ ముక్కకు వేరే ఉపాయం చూడాలి.

ఖాళీ ఉంది సరే, అందులో పాత యజమాని ఎప్పుడో ఏదో నింపించి ఉంటే? ఈపీసీ, అంటే ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్, చూస్తే తెలుస్తుందంటారు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే ఉచితంగానే దొరుకుతుంది. కానీ అందులో "ఇన్సులేషన్ లేదు (అంచనా)" అని ఉంటే, ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి రాసిన మాటే అది, గోడ లోపల చూసి రాసింది కాదు. దానికంటే మీ కళ్లు నయం. ఎండ ఏటవాలుగా పడే వేళ బయట నిలబడి ఇటుకల మధ్య సిమెంటు గీతలు చూడండి. పౌండ్ కాయిన్ అంత గుండ్రటి మచ్చలు, చుట్టూ ఉన్న సిమెంటు కంటే కాస్త వేరే రంగులో, మీటరుకొకటి చొప్పున వరుసగా కనిపిస్తే ఎవరో ఇదివరకే నింపారన్నమాట. కేవిటీ ఇన్సులేషన్ గ్యారంటీ ఏజెన్సీ అని ఒకటుంది, సీఐజీఏ, వాళ్లకు మీ చిరునామా ఇస్తే ఆ ఇంటి మీద పాత గ్యారంటీ ఏదైనా ఉందేమో చెప్తారు.

ఇక అసలు విషయానికి వద్దాం, పిల్లల గదిలో బూజు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన వాక్యం అది, కానీ తలుపు కొట్టినాయన దాని గురించి ఒక్క ప్రశ్నైనా అడిగినట్టు మీరు రాయలేదు. ఆ బూజుకు రెండు కారణాలు ఉండొచ్చు, ఆ రెండింటికీ మందు ఒకటి కాదు, నిజానికి ఒకదాని మందు రెండోదానికి విషం.

మొదటిది, ఇంట్లోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరుగా మారడం. మనం అన్నం వండుతాం, కుక్కర్ పెడతాం, ఇడ్లీ పెడతాం, బట్టలు బయట ఆరవు కాబట్టి రేడియేటర్ల మీద ఆరేస్తాం, చలికి భయపడి కిటికీ తెరవం. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? గాలి ఆడని చోటికి, అంటే వార్డ్‌రోబ్ వెనక్కి. ఈ రకం బూజు నల్ల చుక్కలుగా, మూలల్లో, సామాను వెనక, చలి ఎక్కువైన కొద్దీ పెరుగుతుంది. కారణం ఇదైతే ఇన్సులేషన్ మంచి మందే, ఎందుకంటే గోడ లోపలి ముఖం వెచ్చబడితే ఆవిరి దాని మీద నీరు కాదు.

రెండోది వాన నీరు గోడలోంచి రావడం. దీని తీరు వేరు. వాన పడ్డ రోజునో మర్నాడో మచ్చ పెద్దదవుతుంది, ఎండిపోయాక చుట్టూ పసుపు రంగు అంచు మిగులుతుంది, పెయింట్ ఉబ్బుతుంది, ఒక్కోసారి తెల్లగా ఉప్పు పొంగుతుంది. పైగా మీది పడమటి గోడ. ఈ దేశంలో గాలివాన ఎక్కువగా నైరుతి, పడమర నుంచే కొడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు తడిసేది ఆ గోడే. కారణం ఇదైతే ఇప్పుడు ఖాళీ నింపడమంటే పిల్లల గదిలోకి నీళ్లకు దారి వేయడమే.

ఏదో ఎలా తెలుస్తుంది? ఈ వారాంతం వార్డ్‌రోబ్‌ను గోడకు జానెడు దూరం జరపండి, బూజు తుడిచేయండి, మచ్చ అంచును పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ వేయండి. తర్వాత మంచి వాన పడ్డప్పుడల్లా చూడండి, ఫోటో తీయండి. గీత దాటి వాన వెంటే పెరిగితే ఒక సంగతి, పొడి చలి రోజుల్లో మూలల్లో చుక్కలుగా తిరిగొస్తే ఇంకో సంగతి. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు పది పౌండ్లకు అటూ ఇటూ దొరుకుతుంది, ఆ గదిలో పెట్టండి, 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఫర్వాలేదు, రోజుల తరబడి 70 దాటుతుంటే ఆవిరి సమస్య ఉన్నట్టే. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే, అలాంటప్పుడు ముందు వాన సంగతి తేల్చాలి.

వాన పడుతుంటే గొడుగు వేసుకుని ఒకసారి బయటికి కూడా వెళ్లండి, మీవారినీ తీసుకెళ్లండి. గట్టర్ ఎక్కడైనా పొంగి గోడ మీదుగా కారుతోందా? ఇటుకల మధ్య సిమెంటు రాలిపోయి వేలు దూరేలా ఉందా? ఇటుకల ముఖం పెచ్చులు ఊడుతోందా? కిటికీ చట్రం చుట్టూ సందులున్నాయా? కింద నేల వైపు చూడండి, గోడలో నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తులో డీపీసీ అని చెమ్మను ఆపే పొర ఉంటుంది, ముందరి యజమాని డ్రైవ్‌వే వేస్తూనో పూల మడి కడుతూనో దాన్ని మట్టిలో కప్పేసి ఉంటే కింది నుంచి చెమ్మ ఎక్కుతుంది. ఇక సిమెంటు గీతల వెంట అడ్డంగా, ఒకదాని మీద ఒకటిగా పగుళ్లు కనిపిస్తే అసలు ఆలస్యం చేయొద్దు, లోపలి వాల్ టైస్ తుప్పు పట్టి ఉబ్బుతున్నాయేమో చూపించాలి, 1930ల ఇళ్లలో ఇది అరుదేం కాదు. వీటిలో ఏది ఉన్నా ముందు దాన్ని బాగు చేయించండి. సిమెంటు గీతలు మళ్లీ పూయించేటప్పుడు పాత ఇటుకకు సరిపోయే మెత్తటి మోర్టార్ వాడమనండి, మరీ గట్టి సిమెంటు పెడితే ఇటుకే పగులుతుంది. ఆ తర్వాత గోడ ఆరాలి, దానికి ఒక వేసవి పడితే పట్టనివ్వండి.

ఇది వినగానే మీవారు "అంతలో స్కీమ్ పోతుంది కదా" అంటారు. పోతే పోనివ్వండి. తడి గోడలో నింపిన సరుకు మళ్లీ తీయించాలంటే కింద ఇటుకలు ఊడదీసి, పైనుంచి గాలి కొట్టి, వాక్యూమ్‌తో లాగాలి, సాధారణంగా వేసిన ఖర్చు కంటే తీసిన ఖర్చే ఎక్కువ అవుతుంది, దాన్ని ఏదో ఒక స్కీమ్ ఇస్తుందన్న భరోసా లేదు.

గోడ బాగానే ఉందని తేలితే అప్పుడు సర్వే. నేను ఇళ్ల సర్వే పనిలోనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను, ట్యాబ్లెట్‌లో నాలుగు ఫోటోలు తీసుకుని పది నిమిషాల్లో వెళ్లిపోతే దాన్ని సర్వే అనరు. ప్రతి వైపు గోడకూ చిన్న కన్నం వేసి, బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా లోపలికి పెట్టి చూడాలి. అందులో ఏం కనిపిస్తుందో తెలుసా? కట్టినప్పుడు మేస్త్రి చేతిలోంచి జారిన మోర్టార్ ముద్దలు వాల్ టై మీద గడ్డకట్టి ఉంటాయి, కింద సగం ఇటుక ముక్కలు, చెత్త పేరుకుని ఉంటాయి. ఆ ముద్ద బయటి గోడకూ లోపలి గోడకూ తగులుతుంటే దాని మీదుగా నీరు దాటుతుంది. అలాంటిది శుభ్రం చేయకుండా నింపకూడదు. ఆ కెమెరా తెర మీకూ చూపించమని అడగండి, మంచి సర్వేయర్ అడక్కుండానే చూపిస్తాడు.

ఆయన్ని ఇంకో మాట కూడా అడగాలి. గాలివాన తాకిడిని బట్టి ఇక్కడ ప్రాంతాలను నాలుగు తరగతులుగా విడదీశారు, తక్కువ, మధ్యస్థం, తీవ్రం, అతి తీవ్రం అని. వేల్స్, కార్న్‌వాల్, కంబ్రియా, స్కాట్లాండ్ పడమటి తీరం లాంటివి చాలావరకు పై తరగతుల్లోకి వస్తాయి. మా ఇల్లు ఏ తరగతిలో ఉంది, మీరు వాడే సరుకుకు ఆ తరగతికి బీబీఏ సర్టిఫికెట్ (కట్టుబడి సరుకులను పరీక్షించి ఇచ్చేది) ఉందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఒకే వీధిలో కూడా ఎత్తు మీద, అడ్డు లేకుండా గాలికి ఎదురుగా ఉన్న ఇల్లు వేరు, చెట్ల మధ్య ఉన్న ఇల్లు వేరు.

సరుకు మూడు రకాలు. గ్లాస్ లేదా రాతి ఉన్ని, పాలిస్టైరిన్ పూసలు, పాలీయురేథేన్ ఫోమ్. నన్నడిగితే మీలాంటి గోడకు పూసలు మేలు. జిగురుతో కలిపి ఊదుతారు, సన్నటి సందుల్లోకి కూడా బాగా సర్దుకుంటాయి, నీరు పడ్డా మధ్యలోంచి కిందికి దిగిపోతుంది. ఫోమ్ గోడలకు గట్టిగా అతుక్కుపోతుంది, రేపు తీయాల్సి వస్తే నరకం, ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప ఒప్పుకోకండి.

పని మాత్రం చూస్తుండగానే అయిపోతుంది. బయటి గోడకు, ఇటుకల మధ్య గీతల్లో 22 నుంచి 25 మి.మీ. కన్నాలు మీటరుకొకటి చొప్పున వేసి, గొట్టంతో ఊది, మళ్లీ మోర్టార్‌తో మూసేస్తారు. మామూలు ఇల్లయితే కొన్ని గంటలు, లోపల మీ సామాను కదపక్కర్లేదు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండి మూడు విషయాలు గమనించండి. మీది సెమీ కాబట్టి మీ గోడలోని ఖాళీ పక్కింటి దాకా పోతుంది, సరిహద్దు గీత దగ్గర పైనుంచి కిందికి బ్రష్‌లాంటి అడ్డు దించి అప్పుడు నింపాలి, లేకపోతే పూసలు పక్కింటి గోడలోకి పోతాయి. రెండోది, నేలకు దగ్గరగా గోడకున్న చిల్లుల ఇటుకలు, ఎయిర్ బ్రిక్స్, చెక్క ఫ్లోర్ కింద గాలి ఆడటానికి పెట్టినవి, వాటికి తొడుగు వేసి కాపాడాలి, అవి మూసుకుపోతే కొన్నేళ్లకు ఫ్లోర్ చెక్క కుళ్లుతుంది. మూడోది ప్రాణాలకు సంబంధించింది. హాల్లో పాతకాలపు గ్యాస్ ఫైర్ ఉంటే దానికి గాలి వచ్చే వెంట్ తెరిచే ఉందని, పొగ గొట్టం సరిగా లాగుతోందని పని అయ్యాక పరీక్ష చేయించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ పెట్టుకోండి.

వంటింట్లో, బాత్‌రూమ్‌లో బయటికి లాగే ఫ్యాన్లు పని చేస్తున్నాయా? ఫ్యాన్ ముందు టిష్యూ కాగితం పెట్టి చూడండి, అతుక్కుని నిలబడాలి. లేదంటే ఇన్సులేషన్‌తో పాటు అవీ మార్పించండి. కిటికీల పైన ఉండే చిన్న ట్రికిల్ వెంట్లు చలి వస్తుందని మన వాళ్లు టేపు వేసి మూసేస్తారు, దయచేసి ఆ టేపు తీసేయండి.

ఫ్రీ సంగతి. 2022లో వచ్చిన ఈకో4 లాంటి ప్రభుత్వ స్కీముల్లో డబ్బు ఎనర్జీ కంపెనీలు పెట్టాయి, అది చివరికి మనందరి బిల్లుల్లోంచి వచ్చిందే. కాబట్టి అర్హత ఉంటే తీసుకోవడంలో తప్పేం లేదు, మొహమాటపడొద్దు. కానీ తలుపు కొట్టినాయన్ని ఏ స్కీమ్, ఇన్‌స్టాలర్ పేరేంటి, ట్రస్ట్‌మార్క్ (ప్రభుత్వం గుర్తించిన నాణ్యత ముద్ర) నంబరు ఎంత, పాస్ 2030 (ఇన్సులేషన్ పని ఎలా చేయాలో చెప్పే ప్రమాణం) సర్టిఫికెట్ ఉందా అని రాసిమ్మనండి. స్కీములు మొదలవుతుంటాయి, ముగుస్తుంటాయి, కాబట్టి అతను చెప్పింది ఇప్పుడు నడుస్తోందా అని మీ కౌన్సిల్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. చాలాసార్లు తలుపు కొట్టేవాళ్లు పని చేసేవాళ్లు కాదు, పేర్లు సేకరించి అమ్ముకునేవాళ్లు. ఒకవేళ ఈ ఉత్తరం చేరేలోపు సంతకం అయిపోయినా టెన్షన్ పడకండి, ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది, ఈమెయిల్‌లో స్పష్టంగా రాసి పంపండి.

మీరే డబ్బు పెట్టి చేయించుకునేట్టయితే మూడు కొటేషన్లు తీసుకోండి. 2027 మార్చి 31 వరకు ఇళ్లలో ఈ పనికి వ్యాట్ సున్నా, కొటేషన్‌లో 20 శాతం కలిపి ఉంటే ఎందుకని అడగండి.

2025 అక్టోబర్‌లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ రిపోర్టు వచ్చినప్పుడు, ప్రభుత్వ స్కీముల్లో వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతం లోపాలున్నాయని వాట్సాప్‌లో తెగ తిరిగింది, మీకూ వచ్చే ఉంటుంది. ఆ అంకె ఇంటి బయటి గోడకు పైనుంచి తొడిగే ఇన్సులేషన్ గురించి. మీకు చేస్తామంటున్నది అది కాదు, దాన్ని చూసి దీన్ని కొట్టిపారేయకండి.

ఎదురింటావిడకు నా మాటగా చెప్పండి, పని చేసిన కంపెనీ మూతబడినా సీఐజీఏ గ్యారంటీ కాగితం ఉంటే అది 25 ఏళ్లు ఉంటుంది, ముందు అక్కడ ఫిర్యాదు చేయాలి, సిటిజన్స్ అడ్వైస్ వాళ్లు ఉచితంగా దారి చూపిస్తారు. "గెలిస్తేనే ఫీజు" అని ఫోన్లు చేసే లాయర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. షెఫీల్డ్‌లో ఇలాంటి కేసులే వేలకొద్దీ తీసుకున్న ఒక లా సంస్థ 2024 జనవరిలో కుప్పకూలితే, పైసా కట్టక్కర్లేదని నమ్మి సంతకం పెట్టిన వాళ్లలో చాలామందికి అవతలి పక్షం ఖర్చుల బిల్లులు ఇంటికి వచ్చాయి.

ఈ చలికాలానికి మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది, అటక. లాఫ్ట్ తలుపు తీసి స్కేలు పెట్టి చూడండి, ఉన్ని మందం 270 మి.మీ. ఉండాలి. పాత ఇళ్లలో చాలావాటికి అందులో సగం కూడా ఉండదు. గోడ సంగతి తేలేదాకా దాన్ని నింపండి, అంచుల దగ్గర గాలి ఆడే సందులు మూయకుండా. ఖర్చు తక్కువ, తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. పిండి సంగతంటారా, రాత్రి అవెన్ ఆఫ్ చేసి లోపల లైటు మాత్రం వేసి గిన్నె పెట్టండి, ఇక్కడ మన ఇళ్లలో చాలామంది చేసేది అదే.

చివరగా కాగితాల గురించి. పని మొదలయ్యే ముందు నాలుగు వైపులా గోడల ఫోటోలు తేదీతో సహా తీసి దాచండి, ఎందుకంటే రేపు చెమ్మ వస్తే "మీరు గోడ సరిగా చూసుకోలేదు" అని గ్యారంటీ తోసిపుచ్చే వీలుంటుంది, అప్పుడు మీ చేతిలో ఆధారం ఉండాలి. సర్వే రిపోర్టు, బోరోస్కోప్ ఫోటోలు, గ్యారంటీ, గట్టర్ బాగు చేయించిన రసీదుతో సహా అన్నీ ఇంటి దస్తావేజులతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి. ఇల్లు అమ్మే రోజున కొనేవాళ్ల సొలిసిటర్ మొదట అడిగేవాటిలో ఇవీ ఉంటాయి. పెన్సిల్ గీత దగ్గర ఏం జరిగిందో మంచి వాన ఒకటి పడ్డాక ఫోటోతో రాయండి, చూసి చెప్తాను.